కొత్త కరణాన్ని లెక్క అడుగుదాం

మన తాతల కాలంలో ఊరి లెక్కంతా కరణం చేతిలో ఉండేది. ఎవడికి ఎన్ని కుంచాల భూమి, ఏ గట్టు ఎవడిది, శిస్తు ఎంత బాకీ, పోరంబోకు ఎవడి సాగులో ఉంది, అన్నీ ఆయన కలం చెప్పినట్టే. ఆ అడంగలు మనం చదవలేం. చదవగలిగినోడు పుట్టినా చేతికివ్వరు. "లెక్కలో నీ పేరు లేదురా" అంటే లేదు, అంతే. మన తాత అరుగు కింద నిలబడి దండం పెట్టి వొచ్చేసేవాడు. భూమి దున్నినోడి మాటకి విలువ లేదు, పుస్తకంలో గీత గీసినోడి మాటకి విలువ. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు కొలువులు ఎత్తేసింది. వంశం పేరున కలం చేతికొచ్చే రోజులు పోయాయని పేటలన్నీ సంతోషించినాయి.

నలభై ఏళ్ళు దాటింది. ఇవాళ అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల ఏ గ్రామ సచివాలయానికి పోయినా ఒక మాట వినపడుద్ది. "అత్తా, నీ వేలు పడట్లేదు, రేపు రా." "బాబాయ్, నీ పేరుమీద ఎవరిదో కరెంటు మీటరు చూపిస్తంది, నేనేం చెయ్యను? సిస్టమ్ తీసుకోవట్లేదు." చెప్పే పిల్ల మన పేట పిల్లే అయి ఉండొచ్చు. ఆ పిల్లకీ తెలీదు ఎందుకు తీసుకోవట్లేదో. ఆ పైన మండలంలో ఆఫీసరుకీ తెలీదు. మీటరు మనది కాదని ఒక ఆఫీసు చుట్టూ, ఆధార్లో పుట్టిన తేదీ తప్పని ఇంకో ఆఫీసు చుట్టూ, కూలి మానుకుని తిరగాల్సింది మనం.

పాత కరణానికి కనీసం ఒక మొహం ఉండేది. అరుగు మీద దొరికేవాడు. తిట్టుకోడానికైనా ఒక పేరుండేది. ఈ కొత్త కరణానికి మొహం లేదు, ఊరు లేదు, పేరు లేదు. దాని పేరు సాఫ్ట్‌వేర్.

మిత్రులారా, ఈ సంచికలో మనం మాట్లాడాల్సింది దీని గురించే. "సాఫ్ట్‌వేర్ సంగతి మనకెందుకు, అది హైదరాబాదు కుర్రాళ్ళ సంగతి కదా" అనుకోవద్దు. ఇవాళ కూలి డబ్బు, బియ్యం, పింఛను, పిల్లల ఫీజు, ఇంటి స్థలం, అన్నీ దాని గుమ్మంలోంచే రావాలి. గుమ్మం ఎవడు కట్టాడు, ఎంత ఎత్తున కట్టాడు, ఎవడు వొంగి దూరాలి, ఎవడు తిన్నగా నడిచి పోతాడు? ఇది కులం ప్రశ్న. ఇది మన ప్రశ్న.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. మనం కంప్యూటరుకి శత్రువులం కాదు. చదువొద్దు, యంత్రమొద్దు అని మనకి చెప్పినోళ్ళు వేరే ఉన్నారు. మన మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారు 'పాలేరు' నాటకం రాసారు. పాలేరు కుర్రాడు చదువుకుని పెద్ద అధికారి అయ్యే కథ అది. ఆ కథలో అధికారి కుర్చీ ఎక్కడుందో, మన ఇళ్ళల్లో ఇవాళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అక్కడుంది. ఫీజు రీయింబర్సుమెంటుతో ఇంజనీరింగు చదివి, అమీర్‌పేటలో నలుగురితో ఒక గదిలో పడుకుని, కోర్సులు నేర్చి ఉద్యోగం తెచ్చుకున్న బిడ్డలు మన పేటల్లోనూ ఉన్నారు. ఆ బిడ్డల జీతంతో రేకులిల్లు శ్లాబు అయింది. అది మన గెలుపే.

యంత్రం మంచి కూడా చేసింది. 2006లో ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. మన రాష్ట్రంలో మస్టర్లు, కూలి చెల్లింపులు కంప్యూటర్లోకెక్కినాయి. ఎవరికి ఎన్ని రోజులు పని, ఎంత కూలి, ఎప్పుడు వేసారు, ఎవరైనా చూడొచ్చు. ఆ కాగితాలే పట్టుకుని సామాజిక తనిఖీలో చదువుకున్న కుర్రాళ్ళు ఇంటింటికీ తిరిగి "నువ్వు నిజంగా పన్నెండు రోజులు పనిచేసావా?" అని అడిగారు. చచ్చిపోయినోళ్ళ పేర్లమీద, ఊళ్ళో లేనోళ్ళ పేర్లమీద తిన్న డబ్బులు గ్రామసభలో బయటపడినాయి. అక్కడ కంప్యూటరు మన వైపు నిలబడింది. ఎందుకు నిలబడింది? లెక్క తెరిచి ఉంది గనక. అడిగే హక్కు మనకి ఉంది గనక.

ఇంకో సంగతి చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది జిల్లాల్లో కూలీకి, పింఛనుకి వేలిముద్ర స్మార్టుకార్డులు పెట్టినప్పుడు ఆర్థికశాస్త్ర పండితులు పెద్దయెత్తున పరిశీలించారు. 2016లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం డబ్బు తొందరగా అందింది, మధ్యలో కారిపోయేది తగ్గింది. అయితే అందులో ఒక కిటుకుంది. కార్డు లేనోడికి, వేలు పడనోడికి పాతపద్ధతిలో ఇచ్చే దారి మూసెయ్యలేదు. తర్వాత అదే పండితుల్లో కొందరు జార్ఖండ్‌లో రేషన్‌కి ఆధార్ తప్పనిసరి చేసినప్పుడు చూసారు. అక్కడ దొంగతనం తగ్గినట్టు కనపడలేదు గాని, ఆధార్ జతపడని నిజమైన పేదోళ్ళు నష్టపోయారు. ఆ జార్ఖండ్‌లోనే, సిమ్‌డేగా జిల్లాలో 2017లో రేషన్ కార్డు రద్దయిన ఇంట్లో 11 ఏళ్ళ ఆడపిల్ల చనిపోయింది. ఆకలితో పోయిందని తల్లి చెప్పింది. మలేరియా అని అధికారులు చెప్పారు. ఏ జబ్బుతో పోయినా, ఆ ఇంటికి నెలల తరబడి బియ్యం రాలేదన్నది మాత్రం అందరికీ తెలిసిన సంగతి.

యంత్రం రెండు చోట్లా ఒకటే. నియమం వేరు. ఒకచోట యంత్రం కూలికి సాయం చేసింది. రెండోచోట కూలి యంత్రాన్ని మెప్పించాల్సి వచ్చింది. ఈ తేడా అర్థమైతే మన పోరాటం దేనిమీదో అర్థమవుద్ది.

మన పొరుగు తెలంగాణలో ఏం జరిగిందో వినండి. అక్కడ 'సమగ్ర వేదిక' అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. వాహనాల లెక్క, ఆస్తుల లెక్క, కరెంటు లెక్క, ఇంకా ఎన్నో లెక్కలు ఒకచోట కలిపి, ఎవడు పేదోడో ఎవడు కాదో చెప్తది. రాష్ట్రం వొచ్చిన తర్వాత లక్షల రేషన్ కార్డులు ఇంటికొచ్చి చూడకుండానే రద్దయినాయి. రిక్షా తొక్కి బతికినాయన పేరుమీద కారు ఉందని యంత్రం చెప్పిన కేసు 2024లో పత్రికలకెక్కింది. ఆ కారు అదే పోలిక పేరున్న వేరే మనిషిది. జనం కోర్టుకెక్కారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ 19 లక్షల కార్డుల సంగతి ఇళ్ళకెళ్ళి మళ్ళీ తనిఖీ చెయ్యమని చెప్పింది. అంటే ఏటి? మనిషెళ్ళి చూడాల్సిన పని యంత్రంతో కానిచ్చేశారు, చివరికి మనిషే వెళ్ళాల్సొచ్చింది. మధ్యలో పోయిన ఏళ్ళ బియ్యం ఎవడిస్తాడు?

ఇది మనలాంటి బీదదేశం గొడవే అనుకునేరు. ఇంగ్లండు చూడండి. అక్కడి పోస్టాఫీసుల్లో 1999 నుంచి 'హొరైజన్' అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. అది లెక్క తప్పు చూపించేది. డబ్బు తక్కువొచ్చిందని చిన్నచిన్న పోస్టుమాస్టర్లని దొంగలన్నారు. 900 మందికి పైగా శిక్షలు పడినాయి. కొందరు జైలుకెళ్ళారు, కొందరు ఇళ్ళమ్ముకున్నారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. "మేం తియ్యలేదు బాబో" అని మొత్తుకుంటే, కంప్యూటరు అబద్ధం చెప్పదన్నారు. 2019 డిసెంబర్లో అక్కడి హైకోర్టు, ఆ సాఫ్ట్‌వేర్లోనే లోపాలున్నాయని తేల్చింది. 2024 మేలో ఆ శిక్షల్ని రద్దుచెయ్యడానికి ఏకంగా చట్టమే చెయ్యాల్సొచ్చింది. మనిషి మాటకన్నా యంత్రం మాట ఎక్కువని ముందే నమ్మేస్తే తెల్లదొరల దేశంలోనే ఇట్టా అయింది. మరి మాటకి ముందునుంచీ విలువలేని మన పేటలో ఏమవుద్ది?

ఇక ఉపాధి పని సంగతి. 2023 జనవరి 1 నుంచి పనిచోట కూలీలని ఫోన్లో రోజుకి రెండుసార్లు ఫోటో తీసి హాజరు ఎక్కించడం తప్పనిసరి చేసారు. 2024 జనవరి 1 నుంచి ఆధార్ జతపడిన ఖాతాకే కూలి అన్నారు. సిగ్నల్ లేకపోతే, ఫోను పాడైతే, ఫోటో ఎక్కకపోతే, తవ్విన మట్టికి విలువలేదు. పొద్దున్నే పని ముగించుకుని ఇంటికెళ్ళినామె మధ్యాహ్నం ఫోటో కోసం మళ్ళీ ఎండలో రావాలి. పోనీ దొంగతనం ఆగిందా? 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒప్పుకుంది: ఫోటోకి ఫోటో తీసి ఎక్కిస్తున్నారని, పనికి సంబంధంలేని బొమ్మలు పెడుతున్నారని. తినేవాడు యాప్‌ని కూడా తింటాడు. మాడేది మాత్రం నిజంగా గునపం పట్టినోడి కడుపు. 2005 నాటి ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబర్లో పార్లమెంటు వేరే చట్టం చేసింది. వంద రోజులు నూట ఇరవై అయిదు అన్నారు. వేలిముద్ర, ఫోను నిఘా, మోసం పట్టే కృత్రిమ మేధ, ఇవన్నీ ఈసారి చట్టంలోనే రాసుకున్నారు. ఇదివరకు సర్కులర్లో ఉన్న కరణం ఇప్పుడు చట్టంలో కూర్చున్నాడు.

మన కోనసీమ చేతులు ఒకసారి చూడండి. కొబ్బరి ఒలిచే చెయ్యి, పీచు తొక్కి తాడు పేనే చెయ్యి, చెట్టెక్కి దింపు తీసే చెయ్యి, రొయ్యల చెరువులో మందు కలిపే చెయ్యి, ఊడ్చే చెయ్యి. ఆ వేళ్ళ మీద గీతలు ఉంటాయా? మెత్తటి వేళ్ళున్నోడు తన వేలు చూసుకుని తయారుచేసిన యంత్రం అది. తన గదిలో నాలుగు గీతలు సిగ్నల్ చూసుకుని రాసిన యాప్ అది. గోదావరొస్తే పడవే దిక్కైన లంక ఊరు అతని బొమ్మలో లేదు. కావాలని తీసేసాడని కాదు. అతనికి తెలీదు. తెలుసుకోవాలని ఎవడూ చెప్పలేదు.

ఇక్కడే అసలు కిటుకు. సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళకి ఒక మంచి నీతి ఉంది. 2001లో అమెరికాలో 17 మంది ఆ పనివాళ్ళు కూర్చుని ఒక ప్రకటన రాసుకున్నారు. దాని పేరు 'ఎజైల్'. ఒప్పందం కాగితంకన్నా, వాడేవాడితో కలిసి పనిచెయ్యడం ముఖ్యమన్నారు. ఏళ్ళతరబడి తలుపు మూసుకుని చెయ్యకండి, కొద్దికొద్దిగా చేసి చూపించండి, తప్పులు దిద్దుకోండి అన్నారు. ఇవాళ ఏ కంపెనీలో చూసినా రెండేసి వారాలకి ఒక విడత పని చేసి, చూపించి, దిద్దుకుంటారు. దాన్ని 'స్ప్రింట్' అంటారు. మన పత్రిక కూడా రెండు వారాలకే వస్తంది. మంచి పద్ధతే!

కానీ అడిగేది ఎవర్ని? డబ్బిచ్చినోడిని. సినిమా టికెట్ల యాప్ అయితే కొనేవాడికి విసుగు రాకూడదని, బొత్తం ఏ రంగులో ఉండాలో కూడా వేలమందిని అడిగి తేల్చుకుంటారు. ప్రభుత్వ పథకం యాప్ అయితే డబ్బిచ్చేది డిపార్టుమెంటు. అందుకని ఆఫీసరుగారికి ఏం కనపడాలో అడుగుతారు. రంగురంగుల బొమ్మల్లో జిల్లాలు, శాతాలు కనపడతాయి. కూలికి ఏం కనపడాలో అడగరు. వాళ్ళ భాషలో మనం వాడేవాళ్ళం కాదు, లబ్ధిదారులం. లబ్ధిదారుడంటే చెయ్యి చాచేవాడు. చెయ్యి చాచేవాడిని ఎవడడుగుతాడు గిన్నె ఎలా ఉండాలని?

సరే, ఆ గదిలో మనోళ్ళు ఉంటే మారుద్దా? కొంత మారుద్ది. అందుకే ఆ గది సంగతి కూడా మాట్లాడాలి. ప్రైవేటు కంపెనీల్లో రిజర్వేషను లేదు. "మాది ప్రతిభ, మాకు కులం తెలీదు" అంటారు. 2020 జూన్ 30న అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్ర పౌరహక్కుల శాఖ సిస్కో కంపెనీ మీద కేసు పెట్టింది. మన దేశంనించి వెళ్ళిన ఒక దళిత ఇంజనీరుని అదే దేశంనించి వెళ్ళిన అగ్రకులపోళ్ళు కులం పేరున తక్కువ చూసారని ఆరోపణ. కంపెనీ కాదంది. 2023లో ఇద్దరు మేనేజర్ల మీద కేసు ఉపసంహరించారు, కంపెనీ మీద సాగించారు. కోర్టు సంగతి కోర్టుది. కానీ సముద్రాలు దాటినా కులం దాటలేదన్న సంగతి ప్రపంచానికి తెలిసింది. 2023 ఫిబ్రవరి 21న సియాటెల్ నగరం కులవివక్షని నిషేధించింది. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లు పాస్ చేస్తే అక్టోబర్లో గవర్నర్ సంతకం పెట్టలేదు.

ఇదే సాఫ్ట్‌వేర్ లోకంలో 2020లో ఇంకోటి జరిగింది. వాళ్ళ పనిలో 'మాస్టర్–స్లేవ్' అనే మాటలు ఎప్పట్నుంచో వాడుకలో ఉన్నాయి. యజమాని, బానిస అని అర్థం. నల్లజాతి వాళ్ళు రోడ్డెక్కి పోరాడిన ఆ ఏడు, ఆ మాటలు తప్పని ఒప్పుకుని మార్చారు. గిట్‌హబ్ అక్టోబర్నుంచి 'మాస్టర్' తీసి 'మెయిన్' అని పెట్టింది. చిన్న మార్పే. కానీ మనకో పాఠం. మాటలు ఆకాశంనించి ఊడిపడవు, మనిషి పెట్టినవే. మనుషులు లేచి అడిగితే మారతాయి. అడగకపోతే ఉంటాయి.

మన అమలాపురం సంగతి మనకి తెలిసిందేగా. 2022 మే 24న జిల్లాకి బాబాసాహెబ్ పేరు పెట్టడానికి ఒప్పుకోక ఇళ్ళు తగలబెట్టారు. నెట్ ఆపేసారు. ఇంటినించి పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు సిగ్నల్ కోసం గోదావరి గట్టున కూర్చున్నారని పత్రికలు రాసినాయి. ఆ కుర్రాళ్ళ బాధ నిజమే. కానీ ఆలోచించండి. నెట్ ఆగితే కుర్రాడికి గట్టయినా ఉంది. నెట్ మీదే కూలి, బియ్యం ఆధారపడితే కూలి ఎక్కడికి పోతాడు? చివరికి జిల్లాకి ఆ పేరు నిలబడింది. పేరు మీద ఎవడి జిల్లా అని అడిగినట్టే, యంత్రం మీద ఎవడి యంత్రం అని అడగాలి.

ఇప్పుడు ఇంకో మలుపొచ్చింది. 2022 నవంబర్లో చాట్‌జీపీటీ వొచ్చిన దగ్గర్నుంచి, కోడ్ రాసే పని యంత్రమే చేస్తంది. మామూలు మాటల్లో చెప్తే చాలు, వెబ్‌సైటు కట్టి ఇస్తంది. 2025 జూలైలో టీసీఎస్ కంపెనీ దాదాపు 12 వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. మొదటి మెట్టు ఉద్యోగాలు తగ్గితే ముందు దెబ్బ తగిలేది ఎవడికి? మామయ్య కంపెనీలో మేనేజరైనోడికి కాదు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినోడికి. మనం నిచ్చెన దగ్గరికి చేరేటప్పటికి నిచ్చెన లాగేయడం కొత్త కాదు. ఇది మన విద్యార్థులు భయపడాల్సిన సంగతి కాదు, సిద్ధపడాల్సిన సంగతి. యంత్రం కోడ్ రాస్తది గాని, లంకలో పింఛను ఎందుకాగిందో దానికి తెలీదు. అది మీకు తెలుసు. ఆ తెలివిని విలువకట్టించుకోవాలి.

మరి ఏం చెయ్యాలి?

మనం అడిగేది స్పష్టం. ఒకటి, వేలు పడలేదని, ఫోటో ఎక్కలేదని, సిగ్నల్ లేదని కూలి, బియ్యం, పింఛను ఆపకూడదు. కాగితం దారి ఎప్పుడూ తెరిచుండాలి. 2018 సెప్టెంబర్ 26 నాటి ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు కూడా, గుర్తింపు కుదరలేదని నిజమైన హక్కుదారు నష్టపోకూడదని చెప్పింది. రెండు, "సిస్టమ్ తీసుకోలేదు" అన్నది జవాబు కాదు. ఏ నియమం ప్రకారం, ఏ లెక్క చూసి కాదన్నారో తెలుగులో కాగితం మీద రాసి, కింద మనిషి సంతకం పెట్టి ఇవ్వాలి. మూడు, రద్దు చేసేముందు ఇంటికొచ్చి చూడాలి. నాలుగు, మస్టర్లకి సామాజిక తనిఖీ ఉన్నట్టే సాఫ్ట్‌వేర్‌కీ ఉండాలి. దాని నియమాలు గ్రామసభలో చదవాలి. ఎంతమందిని కాదంది, అందులో ఎంత తప్పు, చెప్పాలి. అయిదు, ప్రజల డబ్బుతో యాప్ చేసే కంపెనీలో ఎస్సీ, ఎస్టీ, బీసీలకి వాటా ఉండాలి. వాడే ముందు పేటలో, లంకలో, తండాలో వాడి చూపించాలి.

ఇవన్నీ వాళ్ళిచ్చేదాకా మన పని ఆగకూడదు. ప్రతి పేటలో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎవరికి, ఏ తేదీన, ఏ పని, ఏ కారణం చెప్పి ఆపారు, ఎన్ని కూలిరోజులు తిరిగారు, రాయండి. నలభై మంది రాస్తే అది ఒకామె గోడు కాదు, సాక్ష్యం. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది, ఆ నియమాల కాగితం అడగండి. డిగ్రీ చదివిన కుర్రాళ్ళు ఆదివారం అంబేద్కర్ విగ్రహం దగ్గర కూర్చుని పెద్దోళ్ళ ఆధార్లో పేర్లు, ఖాతాలు సరిచూడండి. హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో ఉద్యోగాలు చేసే మన బిడ్డలారా, పండక్కొచ్చినప్పుడు ఒక పూట పేటకివ్వండి. మీ ఆఫీసులో 'వాడేవాడిని అడగండి' అని రోజూ చెప్తారు కదా. వాడేవాళ్ళు మీ అమ్మా, మీ అత్తా, మీ తాతా. వాళ్ళని అడగండి.

కరణం పుస్తకం మనకి చదవడం రాని రోజుల్లో మనం దండం పెట్టి వొచ్చేసాం. ఇవాళ మనకి చదవడం వచ్చు. రాయడం వచ్చు. కోడ్ రాసేవాళ్ళు కూడా మనలో ఉన్నారు. ఇంక దండాలు లేవు. లెక్క చూపించమందాం.

జై భీమ్!